సొంత ఎద్దు మెడలో తువ్వాలు

లక్ష్ముడు తాత కుడిచేతి ఉంగరం వేలు చలికాలంలో ఒకరోజు అలిగింది. పొద్దున్నే చుట్ట వెలిగించుకుని, అగ్గిపుల్ల పారేద్దామని చెయ్యి తెరిస్తే, తక్కిన వేళ్ళన్నీ తెరుచుకున్నాయి గాని ఆ ఒక్కటి అరచేతిలోకి ముడుచుకుని కూర్చుంది. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని లేచింది. తాతకి అది భలే విద్యలా తోచింది. వీధిలో పోయేవాళ్ళను పిలిచి, చెవి దగ్గర పెట్టి మరీ ఆ చప్పుడు వినిపించాడు. పిల్లలు వరస కట్టి వచ్చి విని వెళ్ళారు. వారం తిరిగేసరికి వేలు టక్కుమనడం కూడా మానేసింది. ముడుచుకుంటే ఒక పూట దాకా లేవడం లేదు. అప్పుడు తాత చెవులు పిలవడం మానేశాడు.

మానెయ్యక ఏం చేస్తాడు. ఆయన బతుకంతా ఆ చేతిలోనే ఉంది. రెండెకరాల చెక్క ఉందనే గాని, దాని మీద నువ్వులూ వరీ పండించేది ఆయన భార్య దాలమ్మ మామ్మే. తాత అసలు పని పశువుల బేరం. గరివిడి అవతల గెడ్డపేటలో ప్రతి మంగళవారం పశువుల సంత జరుగుతుంది. అమ్మేవాడి తరఫున ఒక బేరగాడు, కొనేవాడి తరఫున ఒక బేరగాడు నిలబడతారు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. ఇక ధర మాటల్లో ఉండదు, వేళ్ళల్లోనే ఉంటుంది. ఒక్కో వేలు ఎంతో ముందే ఒప్పుకుంటారు. బొటనవేలు లెక్కలోకి రాదు. తిన్నగా పెట్టిన వేళ్ళను అవతలివాడు తడిమి చూసుకుంటాడు. పైన నోళ్ళు వానల గురించీ పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుకుంటాయి, కింద వేళ్ళు ఎద్దుల గురించి మాట్లాడుకుంటాయి. ఒకసారి తువ్వాలు కింద వేళ్ళు ఒప్పుకున్నాక, పైన నోరు కాదనడానికి లేదు.

ఆ సంతలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. బేరగాడు అమ్ముతున్నది తన సొంత పశువే అయితే, భుజం మీది తువ్వాలు తీసి దాని మెడలో వెయ్యాలి. అది చూడగానే, ఈ ఎద్దుకు గడ్డి వేసిన చెయ్యీ ఈ ఎద్దును పొగుడుతున్న నోరూ ఒక్కడివే అని కొనేవాడికి తెలిసిపోతుంది. ఆ తరువాత కొంటాడో, పక్క ఎద్దు దగ్గరికి పోతాడో అతని ఇష్టం.

తాత ఆ సంతలో నలభై ఏళ్ళుగా చెయ్యి కలుపుతున్నాడు. పశువు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పడంలో ఆయనకు సాటి లేరు. ఆ అలవాటు మనుషుల మీద కూడా చూపిస్తాడు. పెళ్ళిచూపుల్లో తాతను కూర్చోబెట్టడం చుట్టాలు ఎప్పుడో మానుకున్నారు.

శివరాత్రి వెళ్ళిన మంగళవారం నాడు వేలు ఆయన పరువు తీసింది. తాతమ్మ అని పక్క ఊరి ముసలావిడ తన ఎద్దుల జత అమ్ముకోవడానికి వచ్చింది. ఆవిడ తరఫున తాత నిలబడ్డాడు. కొనేవాళ్ళ తరఫున నరసింగరావు నిలబడ్డాడు. నరసింగరావు అంటే దాలమ్మ మామ్మ తమ్ముడు, తాతకు స్వయానా బావమరిది. సంతలో మాత్రం పోటీదారు. తువ్వాలు కింద తాత నాలుగు వేళ్ళు పెట్టాననుకున్నాడు. ఉంగరం వేలు ముడుచుకుని పడుకుంది. నరసింగరావు తడిమి చూస్తే మూడే తగిలాయి. ఇంత చవగ్గా ఇస్తున్నాడేమిటా అని ఒక్క క్షణం తాత మొహంలోకి చూసి, చప్పున ఒప్పేసుకున్నాడు.

తువ్వాలు తీశాక తాత చేతిని చూసి తాతమ్మ ఏడవలేదు, తిట్టలేదు. పోన్లే, పెద్దోడివైపోనావు అంది. ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. ఆ సాయంత్రమే తాత తన పెరట్లో మేకపోతును తోలుకెళ్ళి ఆవిడ గుమ్మంలో కట్టేసి వచ్చాడు. ఆ మేకపోతు తనదని, తనను అడగకుండా తోలుకెళ్ళాడని మామ్మ మూడు రోజులు వంట చేసింది గాని వడ్డించలేదు.

మరుసటి వారం సంతలో నరసింగరావు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "బావా, ఆ ఏలు తిన్నగైనదాకా నువ్వు తువ్వాలు ఎయ్యకు. నానొక్కణ్ణే కాదు, అందరూ అదే అంటన్నారు. ఏరువాక సంతలకైనా బాగుసేయించుకో." ఏరువాకకు ముందు జ్యేష్ఠమాసంలో జరిగే సంతలే బేరగాళ్ళకు ఏడాదంతటికీ పెద్ద సంతలు. అప్పటికి చెయ్యి లేవకపోతే ఆ చోటు నరసింగరావుకి పోతుంది. ఒకసారి పోయిన చోటు మళ్ళీ రాదు. తాత తువ్వాలు తలకు చుట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

సంత వీధిలో, రైసుమిల్లు పక్కన రెండు గదుల్లో, మంగళవారం మంగళవారం శ్రీకాకుళం నుంచి ఒక ఎముకల డాక్టరు వచ్చి కూర్చుంటాడు. పేరు కామేష్. అందరికీ డాక్టరు బాబు. సంతకు ఎద్దుల్ని తోలుకొచ్చినవాళ్ళు దారిలో మోకాళ్ళు కూడా చూపించుకుని వెళ్తారు. తాత వెళ్ళి చెయ్యి చాపాడు. డాక్టరు వేలు చూస్తుంటే, తాత డాక్టరు పళ్ళు చూశాడు. నలభై అయిదు దాటలేదు, కాడి మోసిన మెడ కాదు గాని మోయలేనిదీ కాదు అని తేల్చుకున్నాడు. వేలి నరం జారే గొట్టం బిగుసుకుందని, దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారని, అంటే తుపాకీ పేల్చే వేలులా వంగిపోతుందని డాక్టరు చెప్పాడు. తుపాకీ మాట తాతకు నచ్చింది. అరచేతిలో సూదిమందు వేశాడు. రెండు వారాలు వేలు బుద్ధిగా ఉంది. ఉగాదినాడు పచ్చడి గిన్నె పట్టుకుంటే మళ్ళీ ముడుచుకుంది.

ఈసారి డాక్టరు చిన్న ఆపరేషను చెయ్యాలన్నాడు. పొద్దున వెళ్తే సాయంత్రం ఇంటికి వచ్చెయ్యొచ్చట. "శ్రీకాకుళంలో కౌముది ఆర్థో అని ఒక ఆసుపత్రి ఉంది తాతా. అక్కడ బాగా చేస్తారు" అని చీటీ రాసిచ్చాడు. ఎవరో పెద్దమనుషుల ఆసుపత్రి గురించి చెప్పినట్టే చెప్పాడు. తాత చీటీని తువ్వాలు కొంగున ముడివేసుకున్నాడు.

అనుకున్న రోజున తాతా మామ్మా తెల్లవారే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళారు. ఆసుపత్రి అద్దంలా ఉంది. కాలు జారుతుందేమోనని మామ్మ చెప్పులు చేతిలో పట్టుకుని నడిచింది. చీటీ చూడగానే నర్సమ్మ తాత చొక్కా, పంచె విప్పించి, వెనకవైపు తాళ్ళతో కట్టుకునే ఆకుపచ్చ గౌను తొడిగి, హాలులో కూర్చోమంది. తాత ఆ గౌను మీద తువ్వాలు వేసుకుని, నిమ్మళంగా నాలుగు గోడలూ చూడసాగాడు.

ఎదురు గోడ మీద ఒక పెద్ద ఫోటో ఉంది. కళ్ళద్దాలు, నుదుట నిలువుబొట్టు, మెడలో గంధపు దండ. తాత లేచి దగ్గరికి వెళ్ళాడు. జానకిరామయ్య మాస్టారు. చీపురుపల్లి వైపు బడిలో సంగీతం, తెలుగు రెండూ చెప్పేవాడు. ముప్పై ఏళ్ళ కిందట ఆయనకు నల్లావును కుదిర్చిపెట్టింది తాతే. ఆవు పాలు పితికేటప్పుడు మాస్టారు కీర్తన పాడితేనే చేపుతుందని ఊరంతా చెప్పుకునేవారు.

ఇక్కడ తాత లెక్క చాలా సులువు. దండ వేసిన ఫోటో ఏ గోడ మీద వేలాడుతుందో ఆ గోడ ఆ చచ్చిపోయినవాడి కొడుకుది. ఏ ఊళ్ళోనైనా అంతే. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయిని, ఈ మాస్టారు మీకేమవుతాడమ్మా అని అడిగాడు. మా కామేష్ సారుగారి నాన్నగారు అని ఆ అమ్మాయి చెప్పింది. మరి కౌముది ఎవరు అని అడిగాడు. సారు కూతురు, వైజాగులో చదువుకుంటోంది అంది. తాత గోడ వైపు చూశాడు, వేలి వైపు చూశాడు, మామ్మ వైపు తిరిగాడు.

"ఒసే దాలీ, లెగు. ఈ ఎద్దు డాక్టరు బాబు సొంతెద్దే. మెడలో తువ్వాలెయ్యకండా తోలినాడు."

మామ్మకు అర్థమయ్యేలోపల తాత గుమ్మం దాటేశాడు. ఆకుపచ్చ గౌనుతోనే. తువ్వాలు వెనక తాళ్ళ మీద సర్దుకుంటూ వీధిలో నడుస్తుంటే, వెనకాల మామ్మ ఒక చేత్తో చెప్పులు, ఒక చేత్తో పంచె, చొక్కా పట్టుకుని వస్తోంది. నర్సమ్మ గేటు దాకా వచ్చి, తాతగారూ గౌనూ అని పిలిచింది. కోపంలో ఉన్నవాడికి ఒంటి మీద ఏముందో గుర్తుండదు. బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు. అంటురోగం అనుకున్నారు కాబోలు. కండక్టరు టిక్కెట్టు దూరం నుంచే చాపి ఇచ్చాడు. వెనక సీట్లో ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్న సంగతి తాత చూడలేదు. చూసి ఉంటే నవ్వి ఉండేవాడు, ఫోటో అంటే ఆయనకు ప్రాణం.

ఆ వీడియో మర్నాటికల్లా రెండు జిల్లాలూ తిరిగింది. అందులో తాత కండక్టరుకి చెబుతున్న మాట బాగా వినిపిస్తుంది. "నా ఏలికి ఆ ఆసుపత్రి కావాలో, ఆ ఆసుపత్రికి నా ఏలు కావాలో నాకెలగ తెలస్తాది?"

దానితో తాత డాక్టరైపోయాడు. టీకొట్టు దగ్గర కూర్చుంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చీటీలు పట్టుకొచ్చి చూపించసాగారు. ఒకడు మోకాలు, ఒకడు కిడ్నీ రాయి, ఒకావిడ కోడలి స్కానింగు. తాతకు చీటీ మీద అక్షరాలు రావు. మూడో తరగతిలో చదువు ఆగిపోయిందని ఆయన అంటాడు, పారిపోయాడని మామ్మ అంటుంది. అయినా చీటీని వెలుగుకు ఎత్తి పట్టి, ఇటూ అటూ తిప్పి, ఎద్దు ఎవరిది అని ఒక్కటే ప్రశ్న అడిగేవాడు. ఎవరిదో కనుక్కుని రండి, అప్పుడు చూద్దాం అని పంపేసేవాడు. కనుక్కుని వచ్చినవాళ్ళకు ఆ తరువాత ఏం చెప్పాలో ఆయనకూ తెలియదు గనక, పళ్ళు చూపించమనేవాడు.

ఇంత పేరొచ్చినా వేలు మాత్రం వంగే ఉంది. మంగళవారాలు ఒకటొకటిగా వెళ్ళిపోతున్నాయి. సంతలో తాత చోట నరసింగరావు నిలబడుతున్నాడు. తాత చీకటితోనే లేచి అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో వేలును లాగుతూ, వదులుతూ, దాని వైపే చూసేవాడు. ఆపరేషను నిజంగా కావాలేమో అనిపించేది. మళ్ళీ గోడ మీద ఫోటో గుర్తొచ్చేది.

అలాంటి రోజుల్లో శైలజ అని శ్రీకాకుళం ప్లీడరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. డాక్టర్లు తమకు వాటా ఉన్న ఆసుపత్రికి తమ రోగుల్ని పంపవచ్చా, పంపకూడదా అని పైన చట్టం మాట నడుస్తోందట. పూర్తిగా మానిపించాలని కొందరు, ముందుగా చెబితే చాలని కొందరు. జనం ఏమనుకుంటున్నారో రాసి పంపడానికి ఆవిడ సంఘం గరివిడిలో ఒక సభ పెడుతోంది. తాత వచ్చి మాట్లాడాలి. తాత ఒప్పుకున్నాడు. గౌను వేసుకుని రమ్మంటారా అని అడిగాడు. అక్కర్లేదంది. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

సభ కల్యాణమండపంలో జరిగింది. రెండు వందల కుర్చీలు, మైకు, టీ, ఉల్లిపాయ పకోడీ. కామేష్ డాక్టరు కూడా వచ్చాడు. ఆయన్ని చూడగానే తాత మొహం పక్కకు తిప్పుకుని, పకోడీ మాత్రం ఇంకో రెండు తీసుకున్నాడు. దాలమ్మ మామ్మ ఆడవాళ్ళ వరసలో, నరసింగరావు వెనక వరసలో కూర్చున్నారు.

మొదట శైలజ మాట్లాడింది. చీటీ రాసే చెయ్యీ, బిల్లు రాసే చెయ్యీ ఒక్కటే అయితే, రోగికి ఏది అవసరమో ఏది అక్కర్లేదో చెప్పేవాడు ఉండడని, అందుకే ఆ దారి మూసెయ్యాలని చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు.

తరువాత కామేష్ లేచాడు. ఆయనకు కోపం రాలేదు. పదేళ్ళ కిందట ఈ చుట్టుపక్కల తుంటి ఎముక విరిగితే వైజాగు మోసుకెళ్ళేవారని, దారిలోనే పోయినవాళ్ళు ఉన్నారని గుర్తు చేశాడు. తండ్రి ఇంటిస్థలం అమ్మి ఆ ఆసుపత్రి కట్టానన్నాడు. తన రోగుల్ని తన ఆసుపత్రికి పంపకూడదంటే ఇలాంటి ఊళ్ళలో ఏ డాక్టరూ గోడ లేపడని, కట్టేది పెద్ద కంపెనీలేనని చెప్పాడు. "వేరేవాళ్ళ ఆసుపత్రికి పంపితే నాకు ఇంటికి కమీషను కవరు వస్తుంది. అది ఎవరికీ కనపడదు. నా ఆసుపత్రిలో కత్తి పదునెంతో నాకు తెలుసు, ఆ నర్సు చెయ్యి ఎలాంటిదో తెలుసు. నాకు తెలిసిన చోటికి పంపడం తప్పా?" అని అడిగాడు. దానికి కూడా జనం చప్పట్లు కొట్టారు. మన జనం చప్పట్ల దగ్గర ఎవరికీ లోటు చెయ్యరు.

అప్పుడు తాత మైకు దగ్గరికి వచ్చాడు. మైకును ఎద్దు మూతిలా ఒకసారి తట్టి చూశాడు. సొంత ఎద్దును అమ్మకూడదంటే బేరగాడు ఎద్దునే పెంచడని, అంచేత డాక్టరు బాబు మాటలో సగం నిజం ఉందని ఒప్పుకున్నాడు. కాని సంతలో ఒక కట్టుబాటు ఉందని, తువ్వాలు సంగతంతా చెప్పాడు. భుజం మీది తువ్వాలు తీసి, ఎద్దు దొరక్క పక్కనున్న కుర్చీ మెడకు వేసి చూపించాడు. "నీ ఎద్దు నువ్వమ్ముకో బాబూ. నానొద్దన్నానా. తువ్వాలేసి అమ్ము. నలభై ఏళ్ళ నుంచి మా సంతలో మేమలగే అమ్ముతన్నాం."

ఈసారి చప్పట్లకు పావురాలు లేచాయి. తాత కుర్చీ మెడలో తువ్వాలు సర్దుతూ వాటిని ఆస్వాదిస్తున్నాడు. ఆడవాళ్ళ వరసలో దాలమ్మ మామ్మ లేచి నిలబడింది. మైకు లేకపోయినా ఆవిడ గొంతుకు ఏ లోటూ లేదు.

"మరి మాయయ్యకి ఎర్రెద్దు అమ్మినప్పుడు ఆ తువ్వాలు ఏటి సేసినావు?"

 తాత చెయ్యి కుర్చీ మీదే ఆగిపోయింది. వెనక వరసలో నరసింగరావు నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

మామ్మ అందరికీ చెప్పింది. తాతకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. బేరానికి కొత్త. తన ఎర్రెద్దును ఎవరో పొరుగూరివాడిదని చెప్పి మామ్మ తండ్రికి అమ్మాడు. ఏడాది తిరిగాక ఆ ఇంటి పిల్లనే అడిగాడు. పెళ్ళినాడు తాత బాసికం కట్టుకుని పందిట్లోకి వస్తుంటే, ఎర్రెద్దు పలుపు తెంపుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి, పెళ్ళికొడుకు చెవి నాకింది. అక్కణ్ణుంచి కదల్లేదు. మంగళసూత్రం కట్టేదాకా ఆయన భుజం మీద మూతి పెట్టుకుని నిలబడింది. ఎద్దు ఎవరిదో పెళ్ళివారందరికీ అప్పుడు తెలిసింది.

జనం నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. తాత చెవి తడుముకున్నాడు. చివరికి మైకులో నసిగాడు. "అప్పుడు నాకున్నది ఒక్క తువ్వాలే. అది ఎద్దు మెడలో ఎస్తే మరి సేతుల మీద ఏటి కప్పుకుంతాను?"

కామేష్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఇంతకీ ఎద్దు ఎలాంటిదమ్మా అని మామ్మను అడిగాడు. మామ్మ అప్పటిదాకా నవ్వుతూనే చెప్పింది. ఇప్పుడు మాత్రం నవ్వలేదు.

"ఎద్దు మంచిదే బావూ. పదకొండేళ్ళు దున్నినాది. ఒక్కరోజు సతికిలపడి ఎరగదు. అయినా మాయయ్య రోజూ పొద్దున్నే లేసి దాని కాళ్ళు సూసేవోడు. సొంతెద్దని సెప్పకండా అమ్మినాడంటే ఏదో లోపం ఉంతాది, ఈరోజు కుంటతాదో రేపు కుంటతాదో అని. పదకొండేళ్ళూ సూసినాడు. మంచెద్దును కట్టుకుని, మంచెద్దు ఉన్నాదన్న సుకం లేకండానే ఎల్లిపోనాడు." తాత వైపు చెయ్యి చూపించింది. "నీ సెయ్యీ మంచిదే అయ్యుంతాది బావూ. ఇదిగో, ఈయన సూడు, రోజూ చీకటితో లేసి ఏలు సూసుకుంటన్నాడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కామేష్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. శైలజ రాసుకుంటున్న కాగితం మీదనుంచి తలెత్తి, సంతలో తువ్వాలు చూసినవాడు పక్క ఎద్దు దగ్గరికి పోగలడు, ఇక్కడ పక్క ఆసుపత్రి ఎక్కడుందో కూడా డాక్టరే చెప్పకపోతే రోగి ఎక్కడికి పోతాడు అని అడిగింది. అది కూడా రాసుకోండి అన్నాడు కామేష్. తువ్వాలు వెయ్యడంతో పాటు పక్క ఎద్దును చూపించాలని కూడా రాసుకోండి.

సభ అయ్యాక కామేష్ వచ్చి తాత పక్క కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మెడలోంచి తువ్వాలు తీసి, తాత చేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టి వేలును తడిమి చూశాడు. "తాతా, కౌముది ఆర్థో నాదే. నాన్న పోయాక నేనే కట్టాను. సూదిమందు ఒకసారి వేశాం, నిలబడలేదు. కొయ్యాలనే నా ఉద్దేశం. విజయనగరం పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తాను, ముందు వాళ్ళకు చూపించు. వాళ్ళు చేస్తామంటే అక్కడే చేయించుకో" అన్నాడు. నల్లావు బాగుండేదా అని తాత అడిగాడు. నాన్న పాడితేనే పాలిచ్చేది, నాన్న ఊరెళ్తే మాకు టీ ఉండేది కాదు అని కామేష్ చెప్పాడు. ఆ బేరానికి తాను తువ్వాలు భుజం మీద వేసుకునే నిలబడ్డానని, అది తన ఆవు కాదని తాత ఒట్టు వేశాడు.

విజయనగరం సర్కారు ఆసుపత్రిలో తాత పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఒక కుర్రడాక్టరు చూశాడు. చూసి, సరిగ్గా కామేష్ చెప్పిన మాటే చెప్పాడు. సూదిమందు ఒకసారి అయింది గనక కొయ్యడమే మంచిదని, ఇక్కడైతే వరసలో ఆరేడు వారాలు పడుతుందని. తాతకు ఎక్కడో కొంచెం ఆశాభంగమైంది. ఏదో మోసం బయటపడుతుందని అంత దూరం వెళ్ళాడు మరి. కుర్రడాక్టరును నీకేమైనా ఆసుపత్రి ఉందా బాబూ అని అడిగాడు. ఆ అబ్బాయి, అద్దె గదే ఇంకా కుదరలేదు తాతా అన్నాడు. తాత అతని పళ్ళు చూసి, కుదురుతాది, కంగారు పడకు అని ఆశీర్వదించి వచ్చాడు.

ఆరేడు వారాలంటే జ్యేష్ఠం దాటిపోతుంది. ఆ వారంలోనే తాత మళ్ళీ కౌముది ఆర్థో గుమ్మం ఎక్కాడు. జానకిరామయ్య మాస్టారి ఫోటో కింద ఇప్పుడు కొత్త బోర్డు ఉంది. ఈ ఆసుపత్రి డాక్టరు కామేష్ సొంతం, వేరేచోటికి వెళ్ళదలచినవారికి చీటీ రాసిస్తాం అని పెద్దక్షరాల్లో. చదవడం రానివాళ్ళకు నోటితో చెప్పమన్నాడట డాక్టరు. బల్ల దగ్గర అమ్మాయి ఆ మాటలు వచ్చిన ప్రతివాడికీ అప్పజెబుతోంది. మంచినీళ్ళ డబ్బాలు దించడానికి వచ్చినవాడికి కూడా చెప్పింది. వాడు సరే అని డబ్బాలు దించి వెళ్ళిపోయాడు. తాత గౌను తొడుక్కున్నాడు. అది పాతదే, ఇంట్లోంచి ఉతికి తెచ్చుకున్నాడు.

లోపలికి పిలిచేదాకా మామ్మ పక్కనే కూర్చుంది. భయమేస్తన్నాదా అని అడిగింది. తాత గోడ మీద మాస్టారి వైపు చూసి, లేదే, ఎవరిదో తెలిసిపోనాది కదా, ఇంక కొయ్యడమొక్కటే మిగిలినాది అన్నాడు.

వేలు పది నిమిషాల పని. కట్టు విప్పాక రెండు వారాలు మామ్మ గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి పెట్టించి వేళ్ళు ఆడించమంది. తాత ఆడించాడు, గొణిగాడు, మళ్ళీ ఆడించాడు. వేలు లేచింది. చప్పుడు లేకుండా లేచింది. చప్పుడు పోయినందుకు వీధిలో పిల్లలు కొంచెం బాధపడ్డారు.

జ్యేష్ఠంలో మొదటి పెద్ద సంత. తాత తన ఇంటి ఆవుకు రెండేళ్ళ కిందట పుట్టిన కోడెను తోలుకుని వచ్చాడు. సొంత పశువును సంతకు తేవడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. అందరూ చూస్తుండగా భుజం మీది తువ్వాలు తీసి దాని మెడలో వేశాడు. కోడె ఆ తువ్వాలు అంచును నమలడం మొదలుపెట్టింది. కొనడానికి బొబ్బిలి వైపు రైతు ఒకాయన వచ్చాడు. అతని తరఫున నరసింగరావు నిలబడ్డాడు. బేరానికి చెయ్యి చాపి, తాత భుజం వైపు చూసి, నరసింగరావు పళ్ళికిలించాడు.

"బావా, నీ తువ్వాలు ఎద్దు తింతన్నాది. నాది కావాలేటి?"

తాత అక్కర్లేదన్నాడు. చెయ్యి తువ్వాలు లేకుండానే పైకెత్తాడు. సంతలో ఉన్నవాళ్ళందరికీ కనపడేలా నాలుగు వేళ్ళూ తిన్నగా నిలబెట్టాడు. నలభై ఏళ్ళలో ఎవరూ చూడని బేరం అది. పక్క జతల దగ్గర నిలబడ్డవాళ్ళు తమ బేరాలు వదిలేసి వచ్చారు. రైతు రెండు వేళ్ళు చూపించాడు. తాత తల అడ్డంగా ఊపాడు. రైతు మూడు చూపించాడు. తాత ఉంగరం వేలును ఒకసారి ముడిచి, తెరిచి, మళ్ళీ నాలుగు చూపించాడు. అది బేరం కోసం కాదు, ఊరికే, అందరూ చూస్తున్నారు గనక. మూడున్నర దగ్గర కుదిరింది. జనం గోల చేశారు. నరసింగరావు ముందుకు వచ్చి బావ చెయ్యి పట్టుకుని ఆ వేలును వెనక్కీ ముందుకీ వంచి చూసి, వచ్చే వారం నుంచి నీ చోట నువ్వు నిలబడు అన్నాడు.

కోడె పలుపు రైతు చేతికి ఇచ్చేటప్పుడు తాత దాని మెడలోంచి తువ్వాలు తీసుకున్నాడు. సగం నమిలేసి ఉంది. దాలమ్మ మామ్మ అవతల నువ్వుల గింజల బేరం చేస్తూ ఇటే చూస్తోంది. రైతు కోడె ముందు వంగి దాని కాళ్ళు చూశాడు. ఒక్కసారే చూశాడు. తరువాత తోలుకుని వెళ్ళిపోయాడు.